తోటలో ఖాళీ నేల - అంతర పంటల జమాఖర్చు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు వచ్చి ఈ సమావేశంలో నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మేము ముందు వద్దనే అన్నాము. మేము ఉపన్యాసాలు చెప్పేవాళ్ళం కాము. అన్నదమ్ములం ముగ్గురం కలిసి నాలుగెకరాల మామిడి, రెండెకరాల చీనీ చేసుకుంటున్న రైతులం, అంతే. కాని వారు ఒక మాట అన్నారు. సహాయం కోసం సంఘానికి వస్తున్న అర్జీలలో కొన్ని కొత్తగా తోటలు పెట్టుకున్న ఇళ్ళనుంచి వస్తున్నాయట. పొలం ఉంది, చెట్లు బ్రతికే ఉన్నాయి, ఇంట్లో మాత్రం పైసా లేదు. ఇదెట్లా జరుగుతుందో మీరైతే అనుభవం మీద చెప్పగలరు అన్నారు. ఆ మాట మీద ఒప్పుకొన్నాము. ఒప్పుకొన్నందుకు ఇంకొక కారణం కూడా ఉంది. అది ముందుగానే చెప్పుకోవడం మంచిది.

వరుసకు మాకు ఫుప్పు అయ్యే ఒకావిడ ఉండేవారు. మా పొలానికి ఆనుకొనే వాళ్ళ మూడెకరాలు. భర్త ఉన్నప్పుడే బేనీషా అంట్లు తెచ్చి నాటారు. రెండో ఏట ఆయన కాలం చేశారు. ఆడపిల్లలు ఇద్దరు. తోట మీద ఆశ పెట్టుకొని ఆమె అప్పు చేసి బోరుకు, కంచెకు, నీళ్ళు పోసే మనిషికి ఖర్చు పెడుతూ వచ్చారు. ఏటా రెండుసార్లు దున్నించి నేల అద్దంలా ఉంచేవారు. చూసిన వాళ్ళందరూ తోట ఎంత శుభ్రంగా ఉన్నదని మెచ్చుకున్నారు. మేమూ మెచ్చుకున్నాము. అయిదో ఏట అప్పులవాళ్ళు ఒత్తిడి చేస్తే తోట అమ్మేశారు. కొన్న ఆసామి రెండేళ్ళు తిరగకుండానే మొదటి కాపు కోసుకున్నాడు.

ఆ అయిదేళ్ళూ ఆ మూడెకరాల్లో చెట్ల మధ్యన ఎంత నేల ఉత్తగా ఉన్నదో మాకు కనబడుతూనే ఉండేది. మా తోటలో మేము వేరుశనగ వేసుకుంటూ, ఆమెకు ఒక్కనాడు చెప్పలేదు. అడగలేదు కదా అనుకున్నాము. ఈ ప్రసంగం ఆమెకు ఆనాడు చెప్పవలసినది.

ఇక లెక్కలోకి వద్దాం.

మామిడి అంట్లు పాత పద్ధతిలో 10 మీటర్లకొకటి నాటితే ఎకరాకు 40 చెట్లు పడతాయి. మొదటి సంవత్సరం ఒక్కొక్క మొక్కకు చుట్టూ మీటరు దూరం పాదు చేశామనుకోండి. పాదు ఒక్కొక్కటి మూడు చదరపు మీటర్ల పైచిలుకు. నలభై పాదులూ కలిపి 126 చదరపు మీటర్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే నూటికి మూడు వంతుల నేలను మొక్క వాడుకుంటున్నది; మిగతా 97 వంతులకు మనం కంచె కట్టి, దున్ని, కలుపు తీసి ఊరికే కాపలా కాస్తున్నాము. పాదు రెండు మీటర్లకు పెంచినా నూటికి 12 వంతులే. ఇది ఎవరో చెప్పిన లెక్క కాదు, ఇంటికి వెళ్ళి పిల్లల చేత వేయించండి.

నాగలితోనో ట్రాక్టరుతోనో సేద్యం చేసేవాడికి గుండ్రంగా వదిలిపెట్టడం కుదరదు. వరుస వెంబడి పట్టీలాగా వదలాలి. మొదటి రెండేళ్ళు చెట్ల వరుసకు అటు మీటరు, ఇటు మీటరు వదిలితే పది మీటర్లలో ఎనిమిది మీటర్లు విత్తుకోవచ్చు. ఎకరాలో 80 సెంట్లన్నమాట. అయిదో ఏటికి అటూ ఇటూ రెండేసి మీటర్లు వదలాలి, 60 సెంట్లు మిగులుతాయి. ఎనిమిదో ఏటికి మూడేసి మీటర్లు, 40 సెంట్లు. ఆ తర్వాత నీడ ఎక్కువై పైరు సాగదు. ఇప్పుడు కొందరు 5 మీటర్లకొకటి చొప్పున ఎకరాకు 160 దాకా నాటుతున్నారు. కాపు త్వరగా చేతికొస్తుంది, నిజమే. కాని వాళ్ళకు అంతర పంటకు రెండు మూడేళ్ళే వ్యవధి. నాటే రోజునే ఇది ఆలోచించుకోవాలి. దగ్గరగా నాటి, అయిదేళ్ళు వేరుశనగ పండిద్దామంటే కుదిరే పని కాదు.

ఇప్పుడు ఎకరా మామిడిలో 80 సెంట్ల వేరుశనగకు జమాఖర్చు వేద్దాం. ఈ అంకెలు మీ పొలానివీ కావు, మా పొలానివీ కావు. పద్ధతి తెలియడానికి అనుకుంటున్నవి. ఉత్త పొలంలో ఎకరాకు 5 క్వింటాళ్ళు పండే నేల అనుకుంటే 80 సెంట్లలో 4 క్వింటాళ్ళు వస్తాయి. 2024-25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ ధర దొరికితే 27,132 రూపాయలు. విత్తనం, దుక్కి, మందులు, కూలి, కాయ కొట్టించడం అన్నీ కలిపి చేతినుంచి 17,000 పోయిందనుకుందాం. మిగిలింది 10,132.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఎకరాకు పదివేలు లాభం అని మసీదు దగ్గర చెప్పుకుంటారు. మేము కూడా మొదట్లో అంతే. ఒకనాడు రాత్రి మేము ముగ్గురం దీపం దగ్గర కూర్చుని ఈ పద్దులే రాసుకుంటుంటే మా అమ్మీ పక్కన కూర్చుని అంతా విని, "నా ముప్పై దినాలు ఏ కాలంలో రాసినారు బేటా?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. కలుపు తీసింది ఆమె, మా ఇంటి కోడళ్ళు. కాయ ఒలిచింది వాళ్ళు. బయటి మనుషులను పిలిస్తే రోజుకు 300 చొప్పున 30 దినాలకు 9,000 అయ్యేది.

అమ్మీ అడిగిన తర్వాత మేము కాలాలు మార్చాము. ఒకటి ఇంట్లో మిగిలిన రొక్కం. అది 10,132. రెండవది, అంతర పంట వేసినందువల్ల మిగిలిపోయిన ఖర్చు. ఎందుకంటే పైరు వేయకపోయినా తోటను దున్నించాలి, కలుపు తీయించాలి. ఆ ఖర్చు 3,000 అనుకుంటే ఇప్పుడది పైరు ఖాతాలో పోయింది కనుక తోటకు జమ కట్టాలి. మొత్తం 13,132. మూడవది ఇంటివాళ్ళ కష్టం 9,000. అది తీసేస్తే 4,132. పశువులున్న ఇంటికి శనగ కట్టె మేత అదనం. ఇందులో ఏది అసలు లెక్క అని అడుగుతారేమో. రెండూ అసలువే. ఆ ముప్పై దినాలకు ఊళ్ళో వేరే పని దొరకని ఇంటికి 13,132 నిజం. ఆ ఆడవాళ్ళు కుట్టు మిషను మీదనో ఇంకొక దాని మీదనో రోజుకు మూడొందలు తెచ్చుకోగలిగిన ఇంటికి 4,132 నిజం. రెండో రకం ఇంటివాళ్ళు ఎక్కువ చాకిరీ ఉండే పైరు జోలికి పోకూడదు. ఒక మాట చెప్పాలి. ఆ రాత్రి తర్వాత మా ఇంట్లో శనక్కాయల డబ్బులోంచి కొంత భాగం ఆడవాళ్ళ చేతికి ఇవ్వడం మొదలైంది. లెక్క రాయడం వల్ల వచ్చిన మార్పే అది.

ఇంతేనా, నాలుగువేల కోసమా ఇదంతా అని ముందు వరుసలో ఎవరో అనుకుంటున్నట్టు కనబడుతున్నది. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. అంతర పంట రూపాయి విలువ అది ఎంత అన్నదాన్ని బట్టి కాదు, ఎప్పుడు వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అంటు నాటిన తర్వాత నాలుగైదేళ్ళకు మామిడి పూతకు వస్తుంది, ఇల్లు గడిచేంత కాపు రావడానికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. చీనీకి నాలుగైదేళ్ళు. ఆ మధ్యకాలంలో ఖర్చు ఆగదు, రాబడి లేదు. మొదటి ఏడు 30,000 అప్పు తెచ్చామనుకోండి, నూటికి రెండు రూపాయలు. అంటే నెలకు 600, సంవత్సరానికి 7,200, నాలుగేళ్ళకు 28,800. వడ్డీకి వడ్డీ వేయకుండానే అసలంత అయింది. మన ఇళ్ళల్లో వడ్డీ సంగతి నలుగురిలో చెప్పుకోము, అందుకే లోపల లోపల పెరిగిపోతుంది. మూడెకరాల తోటలో ఎకరాకు పదివేల రొక్కం మిగిలితే మొదటి ఏటనే ఆ 30,000 అప్పు చేసే అవసరం తప్పుతుంది. కాగితం మీద ముప్పైవేలే అయినా నాలుగో ఏటి నుంచి వెనక్కి తిరిగి చూస్తే 58,800. మా ఫుప్పు పోగొట్టుకున్నది ఇక్కడే. ఆమె తోటలో లోపం ఏమీ లేదు, మొక్కలు మా వాటికంటే బాగా పెరిగినాయి.

అయితే వేరుశనగ వేస్తే ప్రతి ఏటా పదివేలు వస్తుందని మేము చెప్పడం లేదు. రాయలసీమలో ఉండి అట్లా చెబితే మీరు నవ్వుతారు. విత్తిన తర్వాత నలభై రోజులు చినుకు పడని సంవత్సరాలు మనం చూశాము. అప్పుడు పెట్టిన 17,000లో చాలా భాగం నేలపాలే, అందులో విత్తనం ఖర్చే పెద్దది. ఎకరాకు 60 కిలోల గింజ కావాలి, మన 80 సెంట్లకు 48 కిలోలు. అదే ఉలవలైతే ఎనిమిది పది కిలోల గింజతో ఎకరా విత్తుకోవచ్చు. ఆలస్యంగా ఆగస్టు, సెప్టెంబరులో వేసుకోవచ్చు. రాబడి తక్కువ, పోయినా పోయేది తక్కువ. అలసందలు కూడా అట్లాంటివే, కాయలు కోసుకొని తీగ దున్నేస్తే నేలకు బలం. పప్పుజాతి పైర్ల వేర్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయని మీకు తెలిసిందే. చేతిలో కాస్త రొక్కం ఉన్న ఏడు వేరుశనగ వేస్తాము, లేని ఏడు ఉలవలు, అలసందలు వేస్తాము. పండినప్పుడు ఎంత వస్తుందని కాకుండా ఎండితే ఎంత తట్టుకోగలమని ముందు చూసుకోవడం మాకు అలవాటైంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. మా చీనీ తోట సంగతి చెబుతాము.

రెండెకరాలు, 6 మీటర్ల ఎడం, ఎకరాకు 110 చొప్పున 220 చెట్లు, సాత్‌గుడి రకం. నాలుగో ఏడు నడుస్తుండగా టమాటాకు మంచి ధర వచ్చింది. మదనపల్లె మార్కెట్ సంగతి మీకు చెప్పాలా! ఒక వారం లారీ నింపినవాడు రాజు, మరొక నెలలో అదే సరుకు రోడ్డు పక్కన పారబోస్తారు. 2023 జులైలో కిలో వంద దాటిన మాట అందరికీ గుర్తే ఉంటుంది. మాకు తగిలింది అంతకు ముందు వచ్చిన ఒక మంచి సీజను. చెట్ల మధ్య టమాటా వేశాము. మొదటి కోతలోనే పెట్టుబడి వచ్చింది. మా తమ్ముడు మోటారు సైకిలు కొన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ వేశాము.

టమాటాకు తరచుగా నీళ్ళు కావాలి. మేము కాలువ పారగట్టాము. ఆ నీళ్ళు చీనీ మొదళ్ళను తాకుతూ పారాయి. చీనీకి నీళ్ళు కావాలి గాని మొదలు తడవకూడదు. మొదలు తడుస్తూ ఉంటే ఫైటోఫ్తోరా అనే బూజు తెగులు పట్టి బెరడు పగిలి బంక కారుతుంది. మనం బంక తెగులు అంటాము. దీనికి తోడు టమాటా, వంగ, మిరప, బెండ లాంటివి వేర్ల నులిపురుగులకు ఆశ్రయం; అందుకే వాటిని చీనీలో వేయవద్దని ఉద్యానశాఖ వాళ్ళు చెబుతూనే ఉంటారు. మేమూ విన్నాము, చేతిలో డబ్బు పడుతున్నప్పుడు వినబడలేదు. బంక చూసేసరికి ఆలస్యమైంది. బెరడు గీకి బోర్డో పేస్టు పూశాము, కొన్ని కోలుకున్నాయి. 38 చెట్లు పోయాయి.

టమాటా జమాఖర్చులో ఈ 38 చెట్లు ఎక్కడా లేవు. రెండేళ్ళ పుస్తకం చూస్తే లాభమే ఉంది! పోయిన చోట కొత్త మొక్క పెడితే మళ్ళీ నాలుగైదేళ్ళు కాచుకోవాలి. పక్క చెట్ల నీడలో అది సరిగా లేవదు కూడా. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ 38 గుంతలు తోటలో పళ్ళూడిన నోరులాగా కనబడతాయి. ఆ తర్వాత మేము మొదలుకు మట్టి ఎగదోసి, దాని చుట్టూ ఒక గట్టు, ఇంకా దూరంగా రెండో గట్టు వేసి, ఆ రెండు గట్ల మధ్యనే నీళ్ళు పెట్టడం నేర్చుకున్నాము. తర్వాత డ్రిప్పు వేసుకున్నాము. డ్రిప్పు వచ్చాక మరో చిక్కు. చెట్టుకున్న పైపుతో మధ్య పైరు తడవదు, వేరే పైపులు పరచాలి, దుక్కిలో అవి తెగుతాయి. ఆ ఖర్చు కూడా పైరు ఖాతాలోనే రాయాలి. మేమైతే డ్రిప్పు తోటలో వానపైరు తప్ప వేయడం మానేశాము.

నీటి సంగతి మామిడిలో మరొక విధంగా ఉంటుంది. పూతకు ముందు మామిడికి రెండు మూడు నెలలు నేల ఆరాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరులలో నీళ్ళు పెడితే చెట్టు పూత వేయకుండా చిగురు వేస్తుంది. కాపుకొచ్చిన తోటలో ఆ నెలల్లో ఉల్లి, కూరగాయలు వేసి నీళ్ళు కట్టేవాళ్ళు ఉన్నారు. ఉల్లి డబ్బు కనబడుతుంది, రాని పూత ఎవరికి కనబడుతుంది? మందు కొట్టలేదనో, మంచు పడిందనో అనుకుంటారు.

ఇక్కడే వేరుశనగ, అలసంద, పెసర లాంటి వానకారు పైర్ల సుగుణం గమనించండి. జూన్, జులైలో విత్తుతాము. వేరుశనగ అక్టోబరు, నవంబరుకల్లా నేలలోంచి బయటికి వచ్చేస్తుంది, మిగతావి ఇంకా ముందే. మామిడికి నేల ఆరవలసిన సమయానికి పొలం ఖాళీ. పైరు అమ్మిన డబ్బు నవంబరు, డిసెంబరులో చేతికి వస్తుంది. పూత డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య. మనలో చాలామంది తోటలు గుత్తకిచ్చేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే, పూత మీద.

గుత్త వ్యాపారం చేసే పెద్దలు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళలో ఇద్దరు మాకు బంధువులు కూడా. వాళ్ళను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. పూత మీద తోట తీసుకున్నవాడు తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందులు కొట్టుకోవాలి. గాలివాన వస్తే కాయ రాలేది వాళ్ళదే. 2025 వేసవిలో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. అంత అపాయం నెత్తిన వేసుకునేవాడు ధర తగ్గించే అడుగుతాడు, అది న్యాయమే. మేము చెప్పేది ఏమంటే, డిసెంబరులో ఇంట్లో గింజ లేనివాడు పూత చూపి అడ్వాన్సు తీసుకోక తప్పదు. అతనికి బేరం లేదు. శనక్కాయల డబ్బుతో సంక్రాంతి దాటగలిగినవాడు పిందె నిలిచేదాకా, మార్చి దాకా ఆగగలడు. అప్పటికి కాయ ఎంతుందో ఇద్దరికీ కనబడుతుంది. గుత్తదారుకూ నష్టభయం తగ్గుతుంది, రైతుకూ ధర పెరుగుతుంది. ఎనిమిదో ఏట ఎకరాకు 40 సెంట్లే మిగిలినా, మా నాలుగెకరాలలో అది ఎకరా అరవై సెంట్లు. ఆ కొద్ది నేలమీద వచ్చిన గింజ స్వయంగా తెచ్చింది స్వల్పమే. అది మమ్మల్ని మార్చి దాకా ఆగనిచ్చింది. ఆ తేడాను మేము పైరు ఖాతాకే జమ కడుతున్నాము.

ఈ విషయాలలో శాస్త్రజ్ఞులు ఏమంటారని మా తమ్ముడి కొడుకు వ్యవసాయ డిప్లొమా చదువుతూ అడిగి తెలుసుకొని చెప్పాడు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ అనే సంస్థ ఉన్నది కదా, అక్కడ పనిచేసిన విల్లీ అనే ఆయన, మీడ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు కలిసి 1980లో ఒక కొలత గురించి వివరంగా రాశారు. రెండు పైర్లు కలిపి ఎకరంలో పండించినదాన్ని విడివిడిగా పండించాలంటే ఎంత నేల కావాలి అన్నది ఆ కొలత. ఎకరన్నర కావలసి వస్తే ఒకటిన్నర అంటారు. జొన్న, కంది లాంటి వాటికి చక్కగా సరిపోతుంది. మొక్క తోటకు దీన్ని పెడితే, చెట్టు ఇంకా కాయనే లేదు కనుక కొలవడానికి ఏమీ ఉండదు. మేము పుస్తకంలో రెండు అంకెలు రాస్తాము. పైరు డబ్బు ఒకటి, ఆ ఏడు మొక్క మొదలు ఎన్ని సెంటీమీటర్లు లావెక్కింది అన్నది ఒకటి. పైరు వేసిన ఎకరంలో మొక్క వెనకబడితే ఆ పైరు మళ్ళీ వేయము. జొన్న, మొక్కజొన్న, సజ్జ అట్లానే మా తోటలోంచి పోయాయి. ఎత్తుగా ఎదిగి మొక్కను కప్పేశాయి.

బొప్పాయి, జామ మధ్యలో వేయడం గురించి చాలామంది అడుగుతారు. రైల్వే కోడూరు వైపు బొప్పాయి సంగతి తెలిసిందే, తొమ్మిది పది నెలలకు కాయ కోతకు వస్తుంది, రెండు మూడేళ్ళలో దాని ఆయుష్షు తీరిపోతుంది, మామిడికి అడ్డురాదు. వైరస్ తెగులు పట్టిందంటే మాత్రం పెట్టుబడి మొత్తం పోతుంది, నీళ్ళు లేనివాళ్ళు దాని జోలికి పోకపోవడం మంచిది. జామ వేరే విధం. మూడో ఏట కాయడం మొదలెట్టి బాగా కాస్తుంది, అదే దాని దోషం. మామిడి కొమ్మలు దాన్ని అందుకునేసరికి కొట్టేయాలని నాటేటప్పుడు అనుకుంటాము. కాసే చెట్టును కొట్టడానికి ఎవరికి చేయి వస్తుంది? మా పెద్దన్న రెండేళ్ళు గొడ్డలి తీసుకెళ్ళి తిరిగి తెచ్చాడు. ఆ రెండేళ్ళూ జామా సరిగా కాయలేదు, మామిడీ పక్కకు వంగిపోయింది. మూడో ఏట కూలి మనిషిని పెట్టి, మేము ఊళ్ళో లేని రోజు చూసి కొట్టించాము.

ఇంక సొంతంగా సేద్యం చేయలేని ఇళ్ళ విషయం. మగదిక్కు లేని ఇళ్ళు, గల్ఫుకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళు మన సంఘంలో తక్కువేమీ లేవు. చెట్ల మధ్య నేలను కౌలుకిచ్చుకోవచ్చు. రొక్కం కౌలు అడిగితే అంతగా రాదు. దానికి బదులు, పైరు అతనిది, మా మొక్కలకు పాదులు చేసి నీళ్ళు పెట్టే బాధ్యత కూడా అతనిది అని మాట్లాడుకుంటే ఇంటికి కాపలా ఖర్చు, నీళ్ళు పోసే మనిషి ఖర్చు తప్పుతాయి. మా ఫుప్పు అప్పులో సగం ఆ మనిషి జీతానికే పోయింది. అయితే కౌలుదారుకు ఆ ఒక్క ఏడే ముఖ్యం, మీ చెట్టు పదేళ్ళ సంగతి అతనికి పట్టదు. అందుకని నోటిమాటతో వదిలిపెట్టవద్దు. వరుసకు ఎన్ని మీటర్లు వదలాలి, ఏ పైర్లు వేయకూడదు, మొదలు దగ్గర నాగలి లోతుగా పోనివ్వకూడదు, కాలువ చెట్టును తాకకూడదు, అక్టోబరు తర్వాత నీళ్ళు కట్టకూడదు అని కాగితం మీద రాసి ఇద్దరు పెద్దల సంతకాలు పెట్టించుకోండి. అట్లాంటి కాగితం నమూనా ఒకటి మేము రాసి కార్యదర్శిగారికి ఇచ్చాము. ఇద్దరు ఆడపడుచులు దాన్ని వాడుకున్నారని విన్నాము.

మా జమాఖర్చు పుస్తకం కూడా తెచ్చాము, బయట బల్ల మీద ఉన్నది. టమాటా పేజీలు చింపేద్దామని మా తమ్ముడు అన్నాడు, అమ్మీ ఒప్పుకోలేదు. అవి కూడా ఉన్నాయి. మా మామిడిలో చివరి రెండెకరాలలో ఈ ఏడు అలసందలు విత్తుతున్నాము. వచ్చే ఏటికి ఆ రెండెకరాలలో నీడ కలిసిపోతుంది, అదే చివరి పైరు. గింజ మిగిలింది, పది కిలోల దాకా ఉన్నది. కొత్తగా తోట పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే భోజనాల తర్వాత మమ్మల్ని కలుసుకోండి, డబ్బు ఇవ్వనక్కరలేదు, పండితే అంత గింజ తిరిగి ఇవ్వండి.